జన్యు వ్యక్తీకరణ: పట్టూ విడుపూ

కణంలో ఉన్న జన్యువుల్లో ఏది, ఎప్పుడు, ఏ మోతాదులో పనిలోకి దిగాలో తేల్చే ఏర్పాట్లన్నిటినీ కలిపి జన్యు వ్యక్తీకరణ నియంత్రణ అంటారు. జన్యువు డీఎన్ఏ పోగులో ఒక తునక. దాన్ని చూసి ఆర్ఎన్ఏ నకలు తీయడం అనులేఖనం. ఆ నకలుని రైబోజోములు చదువుతూ, అమైనో ఆమ్లాల్ని వరసగా గుచ్చి ప్రొటీన్ చేయడం అనువాదం. ప్రొటీన్ తయారై తన పని మొదలుపెడితే ఆ జన్యువు వ్యక్తమైనట్టు.

మనిషి కంటిపొర కణంలోనూ, కాలేయ కణంలోనూ, మెదడు కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే. రెండు సెట్లుగా ఉండే ఆ డీఎన్ఏలో ఒక్కో సెట్టుకి దాదాపు 300 కోట్ల అక్షరాలు, వాటిలో ప్రొటీన్ల రాత ఉన్న జన్యువులు సుమారు 20,000. అయినా ఇన్సులిన్ క్లోమంలోనే తయారవుతుంది, హిమోగ్లోబిన్ ఎముక మూలుగలో పుట్టే ఎర్రకణాల్లోనే నిండుతుంది. కంటి కణంలో ఇన్సులిన్ జన్యువు లేక కాదు, అక్కడ దాని నోరు కట్టేసి ఉంది. ప్రొటీన్ల రాత మొత్తం డీఎన్ఏలో వందకి రెండు వంతులు కూడా ఉండదు. మిగిలిన దాంట్లో ఎంతో కొంత భాగం ఆ రాతని ఎక్కడ చదవాలో, ఎక్కడ చదవకూడదో చెప్పే గుర్తులే.

ఈ విషయం చెప్పేటప్పుడు స్విచ్చి నొక్కితే దీపం వెలగడం అనే పోలిక పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. అది అంతగా అతకదు. కణం చాలా చోట్ల చేసే పని దూడని గుంజకి కట్టి ఉంచి, వేళకి పలుపు విప్పడం లాంటిది. పరుగు దూడలోనే ఉంది. విప్పేవాడు దానికి పరుగు నేర్పక్కర్లేదు. ఆపేదాన్ని ఆపడం అనే ఈ పద్ధతి బ్యాక్టీరియాలో మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత వెతికినవాళ్లకి పురుగులో, వరి మొక్కలో, మనిషి రక్తంలో కూడా అదే ఎదురైంది.

పాల చక్కెర

1940ల తొలి ఏళ్లలో, జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో, జాక్ మోనో అనే యువకుడు సోర్బాన్ విశ్వవిద్యాలయంలో బ్యాక్టీరియా పెరుగుదల వేగాన్ని కొలుస్తుండేవాడు. అదే కాలంలో అతను నాజీ వ్యతిరేక ప్రతిఘటన ఉద్యమంలో రహస్యంగా పనిచేసేవాడు కూడా. గ్లూకోజునీ, లాక్టోజునీ కలిపి మేతగా పెడితే బ్యాక్టీరియా ముందు గ్లూకోజంతా తినేసింది. అది అయిపోయాక కాసేపు పెరగడం మానేసింది. తర్వాత లాక్టోజు తింటూ మళ్లీ పెరిగింది. లెక్కల్ని గీతగా గీస్తే, మెట్టెక్కి ఆయాసం తీర్చుకుని మరో మెట్టెక్కినట్టు వచ్చింది. ఆ మధ్య విరామంలో ఏం జరుగుతోందన్న ప్రశ్న మోనోని ఇరవై ఏళ్లు వదల్లేదు.

లాక్టోజు పాలలో ఉండే చక్కెర. గ్లూకోజు, గెలాక్టోజు అనే రెండు చిన్న చక్కెరలు అతుక్కుంటే అదవుతుంది. తినాలంటే ముందు ఆ అతుకు విడగొట్టాలి. మన పేగుల్లో కాపురముండే ఈ. కోలై బ్యాక్టీరియా దీనికి బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైముని వాడుతుంది. లాక్టోజు లేనప్పుడు కణానికి ఆ ఎంజైము అణువులు నాలుగైదు కూడా ఉండవు. లాక్టోజు దొరికిన కొద్ది నిమిషాల్లో అవి వేలల్లోకి పెరుగుతాయి. గ్లూకోజు చేతికందుతుంటే ఎందుకు దండగ ఖర్చు అన్నట్టుంటుంది దాని నడత. ఒక్కో ప్రొటీన్ అల్లడానికీ కణం శక్తి ఖర్చుపెట్టాలి. పొరుగు బ్యాక్టీరియాతో పోటీలో ఆ దుబారా చేసేది వెనకబడిపోతుంది.

లాక్టోజే వచ్చి జన్యువుని తట్టి లేపుతుందని మోనో మొదట్లో అనుకున్నాడు. ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది 1950ల చివర్లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన ప్రయోగం. అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ పార్డీ, ఫ్రాన్స్వా జాకోబ్, మోనో ముగ్గురూ కలిసి దాన్ని చేశారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి శాస్త్రవేత్తలు దాన్ని ‘పజామో’ అని సరదాగా పిలుస్తారు. బ్యాక్టీరియాలు ఒకదాన్నొకటి తాకి డీఎన్ఏని అందించుకోగలవు. ఎంజైము జన్యువూ, దాని అదుపు జన్యువూ రెండూ చెడిపోయిన కణంలోకి ఆ రెండిటి మంచి ప్రతుల్నీ పంపారు. లాక్టోజు లాంటి పదార్థం ఏదీ వెయ్యలేదు. అయినా ఎంజైము వెంటనే తయారవడం మొదలైంది. గంటో గంటన్నరో గడిచాక దానంతటదే ఆగిపోయింది.

దీనికి ఒకటే అర్థం. కొత్తగా వచ్చిన అదుపు జన్యువు ఆ కాసేపట్లో ఏదో తయారుచేసింది, అది చాలినంత పోగయ్యాక ఎంజైము జన్యువుని మూసేసింది. అంటే తెరిచి ఉండటం జన్యువుకి సహజ స్థితి, మూయడానికే మనిషి కావాలి. లాక్టోజు చేసేది ఆ మూసేవాణ్ణి పక్కకి తప్పించడమే. ఈ దిశగా ఆలోచించమని మోనోకి సూచించినవాళ్లలో అణుశృంఖల చర్యని ఊహించిన భౌతిక శాస్త్రవేత్త లియో జిలార్డ్ ఒకడు.

1961లో జాకోబ్, మోనో ప్రకటించిన నమూనా ఇది. లాక్టోజుకి సంబంధించిన మూడు జన్యువులు డీఎన్ఏ మీద పక్కపక్కనే ఉంటాయి: చక్కెరని విడగొట్టేది, దాన్ని కణంలోకి లాక్కొచ్చేది, మూడోది ఒక చిన్న సహాయక ఎంజైముది. మూడిటికీ కలిపి ఒకటే నకలు తయారవుతుంది. నకలు తీసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ వచ్చి కూర్చునే చోటు ప్రమోటర్. దాన్ని ఆనుకుని ఆపరేటర్ అనే చిన్న గుర్తు ఉంటుంది. రిప్రెసర్ అనే ప్రొటీన్ ఆపరేటర్‌ని పట్టుకుని కూర్చుంటే పాలిమరేజ్ ముందుకి సాగదు. లాక్టోజు నుంచి పుట్టే అల్లోలాక్టోజు రిప్రెసర్‌కి అంటుకుంటే దాని ఆకారం మారి, పట్టు సడలుతుంది. ఈ మొత్తం అమరికకి వాళ్లు పెట్టిన పేరు ఆపరాన్. జన్యువుకీ ప్రొటీన్‌కీ మధ్య నడిచే తాత్కాలిక నకలు, అంటే సందేశ ఆర్ఎన్ఏ ఉండి తీరాలన్న ఆలోచనకి రూపం వచ్చింది కూడా ఈ పనిలోనే. జాకోబ్, మోనో, ఆంద్రే ల్వాఫ్‌లకి 1965లో నోబెల్ బహుమతి వచ్చింది.

అప్పటికి రిప్రెసర్‌ని కళ్లజూసినవాడు లేడు. కణానికి పదీ పదిహేను అణువులకి మించి లేని ప్రొటీన్‌ని వేరుచేయడమంటే గడ్డివాములో సూది వెతకడమే. హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ 1966లో ఆ సూదిని పట్టుకున్నారు. మరుసటి ఏడు అక్కడే మార్క్ టాష్నీ బ్యాక్టీరియా వైరస్ ఒకదాని రిప్రెసర్‌ని వేరుచేశాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. రిప్రెసర్‌ని వదిలించే అల్లోలాక్టోజు తయారవ్వాలంటే ఆ ఎంజైమే కావాలి. లాక్టోజు లోపలికి రావాలన్నా ఆపరాన్‌లోని ప్రొటీనే కావాలి. తలుపు గట్టిగా బిగిస్తే తాళంచెవి లోపలే ఉండిపోతుంది. ప్రకృతి ఆ తలుపుని పూర్తిగా బిగించలేదు. రిప్రెసర్ అప్పుడప్పుడూ జారుతుంది, ఆ సందులో ఒకటీ అరా అణువులు తయారవుతాయి. కారుతున్న కొళాయిలా కనిపించేదే నిజానికి వ్యవస్థకి ప్రాణం.

గ్లూకోజు ముందు, లాక్టోజు తర్వాత అన్న వరస మాత్రం రిప్రెసర్‌తో తేలదు. గ్లూకోజు తగ్గితే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది క్యాప్ అనే ప్రొటీన్‌తో జతకట్టి, పాలిమరేజ్ ప్రమోటర్ మీద కుదురుగా నిలిచేలా ఊతమిస్తుంది. ఇది విప్పడం కాదు, నెట్టడం. పలుపు విప్పినా దూడ కదలకపోతే వెనక నుంచి అదిలించాలి కదా. పట్టు సడలాలి, ఊతం అందాలి. రెండూ కుదిరితేనే ఎంజైము దండిగా తయారవుతుంది.

ప్రేరకం, అంటే లాక్టోజులా ఆపరాన్‌ని తెరిపించే పదార్థం, చిన్న మోతాదులో ఇచ్చినప్పుడు మొత్తం బ్యాక్టీరియా సగం వేగంతో ఎంజైము చేస్తున్నట్టు కనిపించినా, విడివిడిగా చూస్తే కొన్ని కణాలు పూర్తిగా తెరుచుకుని, కొన్ని పూర్తిగా మూసుకుని ఉంటాయని 1957లోనే ఆరన్ నోవిక్, మిల్టన్ వైనర్ చూపించారు. ఒకే డీఎన్ఏ, ఒకే మేత ఉన్నా కణానికీ కణానికీ నడతలో తేడా వస్తుందన్నమాట.

అన్నీ రిప్రెసర్లతోనే నడవవు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే ఆపరాన్‌లో చార్లెస్ యానోఫ్‌స్కీ చూపించిన కిటుకు ముచ్చటైనది. బ్యాక్టీరియాలో ఒక చివర నకలు తయారవుతుంటేనే రెండో చివర రైబోజోము చదవడం మొదలుపెడుతుంది. నకలు ఆరంభంలో వరసగా రెండు ట్రిప్టోఫాన్ గుర్తులున్నాయి. కణంలో ట్రిప్టోఫాన్ కరువైతే రైబోజోము అక్కడే తచ్చాడుతుంది. ఆ తచ్చాటలో ఆర్ఎన్ఏ ఒక రకంగా మడతపడి పని ముందుకి సాగుతుంది. ట్రిప్టోఫాన్ పుష్కలంగా ఉంటే రైబోజోము ఆగకుండా దాటిపోతుంది, ఆర్ఎన్ఏ మరో రకంగా మడతపడి నకలు మధ్యలోనే తెగిపోతుంది.

చుట్టల్లో దాచిన డీఎన్ఏ

ఈ. కోలైకి వర్తించేది ఏనుగుకీ వర్తిస్తుందని మోనో అనేవాడు. సూత్రం మటుకు నిజమే, సరంజామా మాత్రం వేరు. ఈ. కోలై డీఎన్ఏ 46 లక్షల అక్షరాలు. మనిషి కణంలో రెండు సెట్లూ కలిపి సాగదీస్తే దాదాపు రెండు మీటర్ల పొడవు. అదంతా మిల్లీమీటరులో వందో వంతు వెడల్పు కూడా లేని కేంద్రకంలో ఇమడాలి. అందుకని డీఎన్ఏ హిస్టోన్ అనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. నాలుగు రకాల హిస్టోన్లు రెండేసి చొప్పున చేరి చిన్న కండెలా ఏర్పడితే, దాని చుట్టూ 147 జతల అక్షరాల మేర పోగు ఒకటిన్నర చుట్టుకి పైగా తిరుగుతుంది. దాన్ని న్యూక్లియోజోమ్ అంటారు.

చుట్టలో ఇరుక్కున్న జన్యువు దగ్గరికి పాలిమరేజ్ చేరలేదు. కాబట్టి కేంద్రకమున్న జీవుల్లో బ్యాక్టీరియాకి భిన్నంగా మూసి ఉండటమే సహజ స్థితి. తెరవడానికే ప్రయత్నం కావాలి. హిస్టోన్ల తోకల్లో ధనావేశం ఉంటుంది, డీఎన్ఏది రుణావేశం. రెండూ అతుక్కుంటాయి. ఆ తోకలకి అసిటైల్ గుంపు తగిలిస్తే ఆవేశం తగ్గి పట్టు వదులవుతుంది. ఇలా జరుగుతుండొచ్చని విన్సెంట్ ఆల్‌ఫ్రీ 1964లోనే అన్నాడు. ముప్ఫై ఏళ్ల పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1996లో డేవిడ్ ఆలిస్ బృందం ఒక ఏకకణ జీవిలో అసిటైల్ తగిలించే ఎంజైముని పట్టుకుంది. తీరా చూస్తే అది జన్యువుల్ని పనిచేయిస్తుందని ఈస్ట్‌లో అంతకుముందే తెలిసిన ప్రొటీన్‌కి దగ్గరి బంధువు. అదే ఏడాది అసిటైల్‌ని ఊడబెరికే ఎంజైమూ దొరికింది, అదీ ఈస్ట్‌లో జన్యువుల్ని మూయించే పాత పరిచయస్థుడి బంధువే.

డీఎన్ఏలోని సైటోసిన్ అక్షరానికి మిథైల్ గుంపు అంటడం మరో రకం గుర్తు. ప్రమోటర్ దగ్గర అది దట్టంగా ఉంటే జన్యువు సాధారణంగా మూగబోతుంది. కణం రెండుగా చీలినప్పుడు ఈ గుర్తుని కొత్త పోగు మీదకి ఎక్కించే ఎంజైము ఉంది కాబట్టి మూసిన జన్యువు తరతరాల కణాల్లో మూసే ఉంటుంది. ఆడవాళ్ల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి, వాటిలో ఒకటి దాదాపు మొత్తంగా మూసుకుపోతుంది. పిండదశ తొలినాళ్లలో ఏది మూయాలో ఒక్కో కణం తనకి తోచినట్టు తేల్చుకుంటుంది, దాని సంతతి కణాలన్నీ ఆ నిర్ణయాన్నే పాటిస్తాయి. 1961లో మేరీ లయన్ చెప్పిన ఈ సంగతికి సాక్ష్యం వీధి పిల్లి ఒంటి మీద ఉంది. తెలుపుతో పాటు నలుపూ నారింజా మచ్చలున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. ఒక మచ్చలో తల్లి ఇచ్చిన ఎక్స్ పనిచేస్తుంటే మరో మచ్చలో తండ్రి ఇచ్చింది పనిచేస్తోంది. ఈ మూత వేసేది ప్రొటీన్ కాదు, ఎక్సిస్ట్ అనే పొడవాటి ఆర్ఎన్ఏ. తను పుట్టిన క్రోమోజోముకే దుప్పటిలా కప్పుకుంటుంది.

ఇంత గట్టిగా వేసిన మూతలు కూడా శాశ్వతం కావు. కప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని తీసి, కేంద్రకం నశింపజేసిన గుడ్డులో పెట్టి జాన్ గర్డన్ 1960ల్లో కప్పల్ని పుట్టించాడు. 2006లో షిన్యా యమనాకా కేవలం నాలుగు నియంత్రక ప్రొటీన్ల జన్యువుల్ని ఎక్కించి ఎలుక చర్మ కణాన్ని పిండకణం లాంటి స్థితికి వెనక్కి నడిపించాడు. ఇద్దరికీ 2012 నోబెల్ కలిసి వచ్చింది.

దూరాన ఉండి నడిపించేవి

మనిషిలో డీఎన్ఏని పట్టుకుని జన్యువుల్ని అదుపు చేసే ప్రొటీన్లు, అంటే అనులేఖన కారకాలు, సుమారు 1,600 రకాలున్నాయి. అవి ప్రమోటర్ దగ్గరే కూర్చుంటాయని మొదట్లో అనుకునేవాళ్లు. 1981లో జ్యూరిక్‌లో వాల్టర్ షాఫ్‌నర్ బృందం ఒక కోతి వైరస్ డీఎన్ఏలోని చిన్న ముక్కని కుందేలు హిమోగ్లోబిన్ జన్యువు పక్కన అతికించింది. నకళ్లు దాదాపు 200 రెట్లు పెరిగాయి. ముక్కని తిరగేసి పెట్టినా, వేల అక్షరాల దూరం జరిపినా పని చేసింది. అలాంటి ముక్కల్ని ఎన్‌హాన్సర్లు అంటారు. డీఎన్ఏ ఉచ్చులా వంగి, దూరాన ఉన్న ఎన్‌హాన్సర్‌ని ప్రమోటర్ దగ్గరికి తెస్తుంది. ఏ ఎన్‌హాన్సర్ ఏ జన్యువు జోలికి పోవచ్చో తేల్చే సరిహద్దులు కూడా ఉంటాయి. హైదరాబాద్ సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం పండు ఈగల్లో శరీర భాగాల క్రమాన్ని నిర్ణయించే హాక్స్ జన్యువుల మధ్య ఇలాంటి సరిహద్దుల మీద చాలా ఏళ్లు పనిచేసింది.

చేతివేళ్ల ఏర్పాటులో పాలుపంచుకునే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు ఎన్‌హాన్సర్ దానికి పది లక్షల అక్షరాల దూరంలో, వేరే జన్యువు కడుపులో ఉంది. అందులో ఒక్క అక్షరం మారితే చాలు, ఆరు వేళ్లతో పిల్లలు పుట్టొచ్చు. అమెరికాలోని కీ వెస్ట్ దీవిలో రచయిత హెమింగ్వే ఒకప్పటి ఇంట్లో తిరిగే ఆరు వేళ్ల పిల్లులదీ అదే కథ. పాముల్లో ఈ ముక్క పాడైపోయింది. 2016లో ఎలుకలో ఆ ముక్క తీసి పాము ముక్క పెడితే కాళ్లు కురచబారిపోయాయి. రెండు చోట్లా అసలు జన్యువుకి ఏ హానీ జరగలేదు.

మళ్లీ పాల చక్కెర దగ్గరికే వద్దాం. మనకీ లాక్టోజుని విడగొట్టే ఎంజైము ఉంది, దాని పేరు లాక్టేజ్. చంటిపిల్లల చిన్నపేగులో అది నిండుగా ఉంటుంది. పాలు మానిపించే వయసు దాటాక దాని జన్యువు క్రమంగా సద్దుమణుగుతుంది. మిగతా క్షీరదాల్లోనూ ఇంతే. ‘నాకు పాలు పడవు’ అనేవాళ్లని జబ్బుమనుషుల్లా చూస్తాం కానీ, క్షీరదాల లెక్కలో వాళ్లే మామూలు. పెద్దయ్యాకా గ్లాసెడు పాలు తాగి అరిగించుకునేవాళ్లలో ఉన్నది మార్పు. యూరప్ వాళ్లలో ఆ మార్పు లాక్టేజ్ జన్యువుకి 13,910 అక్షరాల ముందు, పొరుగు జన్యువు మధ్యలో ఉందని 2002లో ఫిన్లాండ్ కుటుంబాల్ని పరిశీలించి కనుక్కున్నారు. సీ అనే అక్షరం టీగా మారింది. టీ ఉన్నచోట ఒక అనులేఖన కారకం గట్టిగా పట్టుకుంటుంది, జన్యువు మూతపడదు. తూర్పు ఆఫ్రికా పశువుల కాపరుల్లో ఇదే ఫలితం వేరే అక్షరాల మార్పుతో విడిగా వచ్చింది. మన దేశంలో ప్రధానంగా కనిపించేది యూరప్ వాళ్లదే అయిన టీ రూపం. వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తక్కువ. పాలు పడనివాళ్లకి కూడా పెరుగు అంతగా ఇబ్బంది పెట్టకపోవడానికి ఒక కారణం, తోడు వేసిన పాలలో బ్యాక్టీరియా రాత్రంతా ఆ లాక్టోజులో కొంత తినేసి పులుపుగా మార్చేయడం.

నకలు తయారయ్యాక

కేంద్రకంలో తయారైన తొలి నకలు అలాగే పనికిరాదు. మధ్య మధ్య ఉన్న అక్కరలేని భాగాల్ని కత్తిరించి మిగతావి అతకాలి. 1977లో బయటపడిన ఈ కత్తిరింపు కూడా అదుపుకి ఒక అవకాశమే. ఏ ముక్క ఉంచాలో, ఏది వదలాలో కణజాలాన్ని బట్టి మారుతుంది. మనిషి జన్యువుల్లో అత్యధిక భాగం ఇలా ఒకటికి మించి రూపాలిస్తాయి. పండు ఈగలోని డీఎస్‌క్యామ్ అనే జన్యువు ఒక్కటే 38,016 రూపాలు ఇవ్వగలదు. ఈగకున్న మొత్తం జన్యువుల సంఖ్య కంటే ఇది ఎక్కువ. కొవ్వుని రక్తంలో మోసే ఒక ప్రొటీన్ కాలేయంలో పొడుగ్గానూ, పేగులో పొట్టిగానూ తయారవుతుంది. పేగు కణం నకలులో ఒక్క అక్షరాన్ని దిద్ది మధ్యలోనే చుక్క పెట్టేయడమే కారణం.

ఇనుము సంగతి మరింత ముచ్చటగా ఉంటుంది. ఇనుము కణానికి అవసరమే, మితిమీరితే విషం. దాన్ని దాచే ప్రొటీన్ ఫెరిటిన్, బయట నుంచి లోపలికి తెచ్చే ప్రొటీన్ ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం. రెండిటి సందేశ ఆర్ఎన్ఏలలోనూ కొప్పుముడి లాంటి మడతలు ఉంటాయి, రెండిటినీ పట్టుకునే ప్రొటీన్ ఒకటే. ఇనుము తగ్గినప్పుడే అది పట్టుకుంటుంది. ఫెరిటిన్ నకలులో ఆ మడత మొదట్లో ఉంది కాబట్టి పట్టుకోగానే రైబోజోముకి దారి మూసుకుపోతుంది, దాచడం ఆగుతుంది. గ్రాహకం నకలులో మడతలు చివర ఉన్నాయి కాబట్టి పట్టుకుంటే ఆ నకలు చెడిపోకుండా కాపు కాసినట్టవుతుంది, తెచ్చుకోవడం పెరుగుతుంది. అదే చెయ్యి ఒకచోట అడ్డం, ఒకచోట అండ. కొత్తగా ఒక్క నకలు తీయకుండానే లెక్క సరిపోతుంది.

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగులో విచిత్రం చూశారు. లిన్-4 అనే జన్యువు ప్రొటీన్ ఏదీ చేయదు. 22 అక్షరాల ఆర్ఎన్ఏ మాత్రం చేస్తుంది. అది లిన్-14 అనే జన్యువు నకళ్లకి అంటుకుని ఆ ప్రొటీన్ తయారవకుండా ఆపుతుంది. ఆపకపోతే పురుగు చిన్ననాటి దశనే మళ్లీ మళ్లీ తిరగేస్తుంటుంది. ఇది పురుగుల వింతలే అనుకుని చాలామంది పక్కన పెట్టారు. 2000లో దొరికిన లెట్-7 అనే అలాంటి మరో ఆర్ఎన్ఏ మనిషితో సహా అనేక జంతువుల్లో కనిపించేసరికి అందరూ వెతకడం మొదలుపెట్టారు. ఇలాంటి సూక్ష్మ ఆర్ఎన్ఏలు ఇప్పటికి వేల సంఖ్యలో తెలుసు. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకి 2024 నోబెల్ వచ్చింది.

చేస్తూ చెరుపుతూ

తయారైన ప్రొటీన్‌ని ఎంతసేపు బతకనివ్వాలన్నది చివరి పగ్గం. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాన్ని కాపాడే జన్యువుల్ని లేపేది హిఫ్ అనే ప్రొటీన్. ఆక్సిజన్ బాగా ఉన్నప్పుడు కూడా కణం హిఫ్‌ని చేస్తూనే ఉంటుంది, చేసింది చేసినట్టే నాశనం చేస్తుంటుంది. ఆక్సిజన్‌నే వాడుకుని ఒక ఎంజైము హిఫ్‌కి గుర్తు వేస్తుంది. గుర్తు చూసి మరో ప్రొటీన్ దానికి యుబిక్విటిన్ అనే చీటీ అంటిస్తుంది. చీటీ ఉన్నదాన్ని ప్రోటియాజోమ్ అనే యంత్రం నమిలేస్తుంది. హిఫ్ ఆయుష్షు కొన్ని నిమిషాలే. ఆక్సిజన్ తగ్గిందా, గుర్తు పడదు, హిఫ్ పోగవుతుంది. ఎత్తైన కొండల మీద కొన్నాళ్లు ఉంటే ఎర్రకణాలు పెరిగేది ఈ దారినే. రోజంతా వండి పారబోయడం శుద్ధ దుబారాలా ఉంటుంది, నిజంగా దుబారానే. ఊపిరాడని వేళ జన్యువుని తెరిచి, నకలు తీసి, ప్రొటీన్ అల్లేంత వ్యవధి ఉండదు కాబట్టి కణం ఆ ఖర్చుకి ఒప్పుకుంటుంది. లాక్టోజు దగ్గర పైసా పైసా లెక్కచూసినట్టు కనిపించిన కణమే ఇక్కడ చేతికి ఎముక లేనట్టు ఖర్చుపెడుతుంది. ఈ ఆక్సిజన్ లెక్క విప్పిన విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకి 2019లో నోబెల్ ఇచ్చారు.

ముంపులో వరి

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, తెలుగు నేలతో పాటు తూర్పు భారతమంతా పాకిన వరి వంగడం. దాని బలహీనత ముంపు. చేను వారం పది రోజులు పూర్తిగా నీళ్లలో మునిగితే దుబ్బులు కుళ్లిపోతాయి.

నీళ్లలో మునిగిన మొక్కలో ఇథిలీన్ వాయువు బయటికి పోలేక పేరుకుంటుంది. అది జిబ్బరెల్లిన్ అనే హార్మోను ప్రభావాన్ని పెంచుతుంది. జిబ్బరెల్లిన్ చేసేదల్లా కాండం పెరుగుదలని ఆపి ఉంచే డెల్లా రకం ప్రొటీన్లని నాశనం చేయించడం. ఇక్కడా ఆపేదాన్ని ఆపడమే. దాంతో మొక్క నీటి పైకి తల పెట్టాలని ఆత్రంగా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థం అయిపోతుంది. నీళ్లు తీశాక నిలబడే సత్తువ ఉండదు.

ఒడిశా నాటు రకం నుంచి ఎంపికచేసిన ఎఫ్ఆర్13ఏ అనే వరి మాత్రం మునిగినా రెండు వారాలు తట్టుకుంటుంది. 2006లో దాని రహస్యం దొరికింది. సబ్1ఏ అనే జన్యువు ఇథిలీన్ తగలగానే మేల్కొనే అనులేఖన కారకాన్ని తయారుచేస్తుంది. అది డెల్లా రకం ప్రొటీన్లని పెంచి, మొక్కని కదలకుండా ఉంచుతుంది. నీళ్లు పోయేదాకా మొక్క శక్తి దాచుకుని, తర్వాత చిగురిస్తుంది. పనికొచ్చే ఈ రూపం స్వర్ణలో లేదు. జన్యు గుర్తుల సాయంతో పదేపదే సంకరం చేసి, స్వర్ణ గుణాలు చెడకుండా ఆ ఒక్క భాగాన్ని చేర్చి తయారుచేసిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది.

ఎదురు ఉదాహరణ కూడా వరిలోనే ఉంది. నెలల తరబడి నీళ్లు నిలిచే చోట్ల పెరిగే లోతు నీటి వరిలో స్నార్కెల్ అనే రెండు జన్యువులు ఉన్నాయని జపాన్ శాస్త్రవేత్తలు 2009లో చూపించారు. అవీ సబ్1ఏ కుటుంబంవే, అవీ ఇథిలీన్‌కే లేస్తాయి. కానీ చేసేది సరిగ్గా తలకిందుల పని, కాండాన్ని రోజుకి జానెడు దాకా సాగదీస్తాయి. పది రోజుల్లో పోయే వరదకి కదలకుండా కూర్చోవడం తెలివి, పోని వరదకి పెరగడమే తెలివి.

గర్భంలోని హిమోగ్లోబిన్

తల్లి కడుపులో ఉన్న బిడ్డకి తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ గుంజుకోగల ప్రత్యేక హిమోగ్లోబిన్ ఉంటుంది. అందులో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు గామా గొలుసులు. పుట్టిన కొన్ని నెలల్లో గామా జన్యువులు మూతపడి, పక్కనే ఉన్న బీటా జన్యువు పని అందుకుంటుంది. సికిల్ సెల్ జబ్బులో బీటా జన్యువులో ఒక అక్షరం తప్పు. ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ బిడ్డకి కూడా మొదటి కొన్ని నెలలు ఏ బాధా ఉండదు, గామా గొలుసులు కాపాడతాయి. కొందరిలో గామా జన్యువులు పెద్దయ్యాకా మూతపడవు. వాళ్లు సికిల్ జన్యువు మోస్తున్నా జబ్బు తీవ్రత తక్కువ.

గామాని మూసే ప్రధాన ప్రొటీన్ బీసీఎల్11ఏ అని 2008 ప్రాంతంలో తేలింది. దాన్ని పూర్తిగా తీసేయడం కుదరదు, మెదడుకీ, రోగనిరోధక కణాలకీ అది అవసరం. దారి చూపింది ఎన్‌హాన్సరే. ఎర్రకణాల తయారీలో మాత్రమే బీసీఎల్11ఏని నడిపించే ఎన్‌హాన్సర్ విడిగా ఉంది. రోగి రక్తంలోంచి మూలకణాలు తీసి, డీఎన్ఏని కోరిన చోట కోసే క్రిస్పర్ కత్తెరతో ఆ ఎన్‌హాన్సర్‌ని కత్తిరించి, తిరిగి రోగికి ఎక్కిస్తే, ఎర్రకణాల్లో మాత్రం కాపలా పోతుంది, గామా మళ్లీ లేస్తుంది. తప్పున్న బీటా జన్యువుని ముట్టుకునే పనే లేదు. క్యాస్‌జెవీ అనే ఈ చికిత్సని 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా ఆమోదించాయి. అమెరికాలో దాని ధర ఒక్కొక్కరికి 22 లక్షల డాలర్లు.

సికిల్ సెల్ జబ్బు మన దేశంలో గిరిజనుల్లో ఎక్కువ. ఆదిలాబాద్ అడవుల్లోనూ, ఆంధ్ర ఏజెన్సీ ఊళ్లలోనూ ఉంది. 2047 నాటికి దాన్ని నిర్మూలించాలన్న జాతీయ కార్యక్రమం 2023 జూలైలో మొదలైంది. అక్కడి రోగికి నేడు అందుబాటులో ఉన్న మందు హైడ్రాక్సీయూరియా గొట్టం మాత్ర. అదీ గామా హిమోగ్లోబిన్‌ని పెంచేదే. ఈ జబ్బుకి దాన్ని అమెరికా 1998లో ఆమోదించింది, గామా గుమ్మం ముందు కూర్చున్న కాపలాదారు పేరు తెలియడానికి పదేళ్ల ముందు.